ఒక్క టోపీ

వదినగారికి,

మీరు అల్లి పంపిన టోపీ అందింది. కవలలు పుడితే ఒక్క టోపీ ఏమిటని మీ తమ్ముణ్ణి అడిగాను. ఆయన అసలు సంగతి చెప్పారు. నెలలు నిండకుండా పుట్టారు కదా, చిన్నది దక్కుతుందో లేదోనని, చుట్టాలందరికీ నాకు ఒక్క పిల్లే పుట్టిందని చెప్పారట మీరు. "గట్టిపడ్డాక రెండోదాని సంగతి చెబుదాంలే" అన్నారట.

ఆసుపత్రిలో అద్దాల పెట్టెలోకి చెయ్యి పెడితే, నా చిటికెన వేలు పట్టుకుని వదలనిది ఆ చిన్నదే. నేనిక్కడ పాలు పిండి గొట్టంలో చుక్కచుక్కగా పోయిస్తుంటే, మీరక్కడ దాన్ని పుట్టనే లేదనిపించారు. రేపు పదిమందికీ జవాబు చెప్పుకోవాల్సి వస్తుందేమోనని! ఛీ!

ఇప్పుడు ఇద్దరూ ఇంటికొచ్చారు. మీ టోపీ ఎవరికీ పెట్టలేదు. పాలు కక్కినప్పుడు దాంతోనే తుడుస్తున్నాను. మెత్తగా ఉంది.

నిన్న ఫోన్లో ఏడుపు విని "అబ్బో, నా మేనకోడలిది ఎంత గట్టి గొంతో!" అని తెగ మురిసిపోయారే, అప్పుడు పెద్దది నిద్రపోతోంది. ఏడ్చింది మీరు దాచిన పిల్ల.

మీ మరదలు