డైవింగ్ ఫారంలో ఒక నిజం

ఉప్పునుంతల,
12-11-2008

నవ్యా,

అండమాన్ ప్రయాణంలో నా పేరు కొట్టేయి. తక్కువ ఖర్చులో మూడు రోజులు స్కూబా డైవింగ్, రెండు రోజులు అడవి కుదర్చాలని నువ్వెంత తిరిగావో నాకు తెలుసు.

ఊపిరితిత్తుల జబ్బు ఎప్పుడైనా వచ్చిందా అని డైవింగ్ ఫారంలో అడిగారు. నాన్నకు చదివి వినిపిస్తే, "లేదని రాయి బిడ్డా, నీళ్లల్లకొచ్చి ఎవరు సూస్తరు?" అన్నాడు. చిన్నప్పుడు నాకు టీబీ వచ్చింది కదా, వచ్చిందనే రాశాను. వాళ్లు ఎక్స్‌రే అడిగారు. నాగర్‌కర్నూలు డాక్టరు అది చూసి, మచ్చ అలాగే ఉంది, ఈ జన్మలో సముద్రంలో మునగొద్దన్నాడు.

అడవి చూడటానికైనా రమ్మంటావు. నల్లమల మాకు దగ్గరే నవ్యా, నేను రావాలనుకున్నది సముద్రం కోసమే.

"ఒక్క అబద్ధం రాయనీకి రాకపాయె, గిన్ని సదువులెందుకు సదివినవ్?" అంటున్నాడు నాన్న. నాకూ అదే అనిపిస్తోంది.

నీ హాస్టల్ స్నేహితురాలు