సీతమ్మ ఊరికి సైకిలు

మంగళవారం, రాత్రి.

సామర్లకోట స్టేషన్లో పార్సిల్ గుమస్తాను అడిగి వచ్చాను. నేపాల్‌లో ఉన్న జనకపురానికి నాతోపాటు నా సైకిలు కూడా రైల్లో రావాలి. ఊరూరా తిరిగి రామాయణం చెప్పింది దాని మీదే. సీతమ్మ పుట్టిన నేల మీద దాన్నే తొక్కుతానని మొగల్తూరు సభలో మైకు పట్టుకుని శపథం చేశాను.

"సరిహద్దు దాకా బుక్ చేస్తామండి. అవతలి రైల్లో ఎక్కించుకుంటారో లేదో మేం చెప్పలేం. మీకు పాస్‌పోర్టు అక్కర్లేదు గానీ అయ్యగారూ, సైకిలుకి అడుగుతారేమో!" అని గుమస్తా నవ్వాడు.

సీతమ్మ పుట్టింటికి సరిహద్దేమిటని గర్జించాను. వరుసలో వాళ్లు ఒకసారి తిరిగి చూసి మళ్లీ ఫోన్లలో పడ్డారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ చింతపండు పిసుకుతూ తల కూడా ఎత్తలేదు.

"రాముడు గంగ దాటేముందు రథాన్నే వెనక్కి పంపేశాడని మీరే చెప్తారు కదండీ. మీకు సైకిలెందుకంట?"

పుస్తకం తీశాను. ఆమె అన్నట్టే ఉంది.

సైకిలు లేకుండా వెళితే మొగల్తూరులో మాట తప్పినవాణ్ణి. అసలు వెళ్లకపోతే, ఈ మోకాళ్లతో మళ్లీ ఎప్పటికి...

రేపు నా ఒక్కడికే టికెట్ తీస్తాను. మాట తప్పానని మొగల్తూరులో నేనే ముందు చెబుతాను.

రాముడు రథాన్ని చిటికెలో వదిలేశాడని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. ఇందాక ఆ ఘట్టం మళ్లీ చదివాను. చిటికెలో అని అందులో ఎక్కడా లేదు.