గుమ్మం దగ్గర రొట్టె

కుబాత్ మామయ్యకి,

నిన్న నీ ఫోన్ తర్వాత కొండ మీద సిగ్నల్ పోయింది. అందుకే జీపు డ్రైవర్ చేత ఈ ఉత్తరం పంపిస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను.

మధ్యాహ్నం దాకా ఎండ కాసింది, సాయంత్రానికి మంచు కురిసింది. మూడు రోజులకని పోలండ్ నుంచి వచ్చిన ఆ విద్యార్థులిద్దరూ టూరిస్టులకిచ్చే మన ఉన్ని డేరాకి అద్దె కట్టుకోలేక వాగు పక్కన సొంత గుడారం వేసుకున్నారు. గాలికి అది లేచిపోయింది. తడిసి ముద్దయి మన గుమ్మం దగ్గరికి వచ్చి, "కాస్త వేడి టీ ఇస్తే చాలు, వెళ్ళిపోతాం" అన్నారు. వాళ్ళలో అమ్మాయి వేళ్ళు నీలం రంగుకి తిరిగాయి.

అమ్మమ్మ రొట్టె విరిచి వాళ్ళ చేతుల్లో పెట్టింది. "ఎక్కడికెళ్తారర్రా, మీ ఇల్లు ఎగిరిపోయిందిగా? కూర్చోండి" అంది.

అప్పుడే నువ్వు ఫోన్ చేశావు. "అదేమన్నా సత్రమా? డబ్బు కట్టనివాళ్ళని బయటికి పంపించెయ్యవే. రాత్రికి టూరిస్టుల పెద్ద పార్టీ వస్తోంది" అన్నావు. అప్పటికే వాళ్ళ నోట్లో మన రొట్టె ఉంది మామయ్యా. గుమ్మంలో రొట్టె ముట్టినవాళ్ళు అతిథులేనని కదా మన ఆచారం, అలాంటి మనిషిని మంచులోకి ఎలా తోస్తాం? నేను తోయలేదు. నీ పెద్ద పార్టీ సర్దుకుని పడుకుంది, ఒక్కరూ గొణగలేదు.

పంపించకపోతే పనిలోంచి తీసేస్తానన్నావు. తీసెయ్యి. ఎందుకు తీసేశావో మాత్రం ఊళ్ళో ముందు నువ్వే చెప్పుకో. నేను చెప్పానంటే నీ గుమ్మంలో ఇక ఎవరూ రొట్టె ముట్టరు.

నీ మేనకోడలు