అన్నం చేతికి తొడుగు

పలాస, శుక్రవారం రాత్రి, 2004

జీడిగింజలు కొట్టేవాళ్లంతా చేతి తొడుగులు వేసుకునేలా చూడడమే ఈ ఫ్యాక్టరీలో నా ఉద్యోగం. లేకపోతే పెంకులోని జీడి నూనె చేతుల్ని కాల్చేస్తుంది. తొడుగుంటే గింజ జారిపోతుందని వాళ్లు నేను కనిపించినప్పుడే వేసుకుంటారు.

ఒక్కదాన్నే తినలేక, ఇవాళ మధ్యాహ్నం అన్నాలవేళ క్యారేజీ పట్టుకుని వాళ్ల షెడ్డుకి వెళ్లాను. నవ్వులు ఆగిపోయాయి.

"మేడమొచ్చింది, తొడుక్కోండే!" అని అరిచింది రాజులమ్మ. అన్నం కలుపుతున్న చేతికే గబగబా తొడుగు ఎక్కించేసుకుంది.

"నేనూ తినడానికే వచ్చాను" అన్నాను.

"అలాగని సెప్పాల కదమ్మా, బయపడిపోనాం" అంటూ జరిగి చోటిచ్చింది.

తొడుగు తీసింది. వేళ్లనిండా మెతుకులు. నా కళ్లు మాత్రం బొబ్బలే వెతికాయి. అది చూసి రాజులమ్మ గుప్పిట మూసేసుకుంది. ఆవిడ అన్నం అలాగే ఉండిపోయింది.