వానపద్యానికి ఎర్ర రంగు

సోమవారం
నేటి నుంచి ఒక నియమం. అక్కయ్య ఇన్నేళ్ళుగా రాసిన పద్యాలను వెబ్‌పేజీగా నిలుపుతున్నాను. కాగితం మీది అక్షరాలు ఆమె కళ్ళకు ఆనడం లేదు. ఆదివారం ఆమె తన పాత శిష్యుల ముందు గోడ మీది తెర చూసి చదవాలి.

విధానం కోడలు చెప్పింది. పద్యాల మాటలు మాత్రమే ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలులో, రంగూ సైజూ వంటి రూపమంతా స్టైల్‌షీట్ అనే వేరే ఫైలులో. సర్వర్‌లోని స్క్రిప్టు అడిగిన పద్యాన్ని తీసి, ఆ రూపం తొడిగి పంపుతుంది.

"మామయ్యా, పద్యాల ఫైలులో రంగులూ సైజులూ రాయకండి. ఒక్కసారి మొదలుపెడితే ఆగరు మీరు."

శబ్దార్థాల భేదం బోధించి తల నెరిసినవాణ్ణి. నాకా చెప్పడం? సరే, నియమం అదే.

మంగళవారం
ఒక ట్యాగు, అంటే పద్యానికి మొదలూ చివరా పెట్టే గుర్తు, మూయడం మరిచాను. పేజీ అంతా తెలుపు. మూయగానే పద్యం వచ్చి కూర్చుంది. యతి తప్పిన పద్యం కుంటుతూనైనా నడుస్తుంది. ఇక్కడ అసలు లేవదు. నాకు నచ్చిన క్రమశిక్షణ.

బుధవారం
వాన మీద అక్కయ్య రాసిన వానపద్యం అతిరమ్యం. దానికి మాత్రం ఎరుపు, ఫైలులోనే. ఒక్కటే కదా.

గురువారం
తక్కినవి చిన్నబుచ్చుకుంటాయని వాటికి నీలం. పాదపాదానికీ సైజు కూడా. ఏ శాస్త్రంలోనైనా వికల్పం ఉంటుంది.

శుక్రవారం
అక్కయ్య చూసింది. "ఒరేయ్, ఇవి పద్యాలా, బొమ్మల కొట్టా? ఒక్క ముక్క కనబడి చావదు. పెద్దవి చెయ్యి."

స్టైల్‌షీట్‌లో అంకె మార్చాను. ఏదీ కదలలేదు. నేను పాదపాదానా రాసిపెట్టిన సైజులే అడ్డు. చేత్తో ఒక్కొక్కటీ మారుస్తున్నాను. కోడలు కాఫీ ఇచ్చి, తెర వైపు చూసి, ఫ్లాస్కు కూడా పక్కన పెట్టి వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది.

శనివారం
సగమే అయింది. వేళ్ళు లాగుతున్నాయి. నియమం ప్రస్తావన నేడు వద్దు.

ఆదివారం
మొదటి పద్యాలు గోడంత. ఆ తర్వాతవి చీమల బారు. అక్కయ్య ఆగింది. ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని గుర్తున్నంత మేర అందుకుంది. వానపద్యం మూడో పాదం తట్టలేదు. ఒక శిష్యురాలు తెరకు ముక్కు ఆనించి అందించాల్సి వచ్చింది. నేను తలెత్తలేదు.

అందరూ వెళ్ళాక అంది: "మిగతావి వచ్చే ఆదివారం చదువుతానురా. ఈసారి కళ్ళు తెరుచుకుని."

సోమవారం
ఫైలులోని రంగులూ సైజులూ అన్నీ తుడిచేశాను. స్టైల్‌షీట్‌లో ఒక్క అంకె మార్చగానే పద్యాలన్నీ ఒక్కుమ్మడిగా పెరిగాయి. అక్కయ్య గది అవతలి కుర్చీలోంచే చదివేసింది, మూడో పాదంతో సహా.

నేటి నుంచి మళ్ళీ నియమం.

వానపద్యం మాత్రం మరీ బోసిగా ఉంది. పేరుకు ఒక పిసరు ఎరుపు—

"మామయ్యా, చేతులు కీబోర్డు మీంచి తియ్యండి."