అన్నయ్య చేతిరాత మీద నాకు లేని హక్కు

నేను, ఈ వీధిలో అందరూ చిన్నబోర్డు అని పిలిచే మనిషిని, ఫ్లెక్సులు అచ్చువేసే దుకాణం యజమానిని, వయస్సు అరవై ఒకటి, తెలివి నిలకడగా ఉన్నప్పుడు, ఎవరి బలవంతమూ లేకుండా, నా తరవాత నా ఆస్తి ఏం కావాలో రాయిస్తున్నాను. తెలివి నిలకడగానే ఉందని డాక్టరుగారు కాగితం ఇచ్చారు. గుండె సంగతి అలా లేదు, వచ్చే వారం కోసి చూస్తారట. బలవంతం లేదని రాయడానికి నాకు కొంచెం మొహమాటంగా ఉంది. చేసిన పని లోపల రోజూ పీకుతోంది, అది బలవంతం కిందికి రాదా అని అడిగాను. రాదు, కానివ్వండి అన్నారు వకీలుగారు.

ఇంతకుముందు రాయించినవేవీ చెల్లవు. ముఖ్యంగా పోయిన నెల వకీలుగారు తయారుచేసిన మొదటి ప్రతి అస్సలు చెల్లదు. ఆయన తన కంప్యూటర్లోంచి ఎవరిదో పాత వీలునామా తీసి, పేర్లు మార్చి నా చేతికిచ్చారు. ఒకచోట మార్చడం మరిచిపోయారు. దాంతో నాకు లేని రెండో భార్యకు మేడ మీద వాటా వెళ్లింది. ఆ ప్రతిని ముందుగా చదివింది నా భార్య. తరవాత రెండు రోజులు ఇంట్లో నాతో మాట్లాడినవాళ్లు లేరు. అయినా వకీలుగారిని నేను ఒక్క మాట అనలేదు. ఒకరి రాత తెచ్చి ఇంకొకరి పేరు మీద పెట్టిన మనిషిని తిట్టే అర్హత నాకు లేదు. ఎందుకో మూడో అంశంలో తెలుస్తుంది.

ఒకటి. మేము ఉంటున్న ఇల్లు, అందులోని సామాను, బ్యాంకులో ఉన్నది, అన్నీ నా భార్యకు. నా ఫోను కూడా ఆమెకే. అది నా వేలిముద్ర పడితేనే తెరుచుకుంటుంది. ఆస్పత్రిలో నీకేమైనా అయితే ముందు వేలు పెట్టించుకుని తరవాత ఏడుస్తానని ఆమె ఇప్పటికే చెప్పింది. అంత పని పడకుండా అంకెల తాళం కూడా పెట్టించాను. ఆ అంకెలు మా పెళ్లి తారీఖు. పెళ్లిరోజు నాకు గుర్తుండదని ఇన్నేళ్లూ సాధించింది కదా, రోజుకు యాభైసార్లు అదే నొక్కుతున్నానని ఇప్పటికైనా తెలుసుకోవాలి.

రెండు. నా బావమరిదికి లామినేషన్ మిషను. అది ఎలాగూ ఆయన ఇంట్లోనే ఉంది, రెండు రోజుల్లో ఇస్తానని తీసుకెళ్లి అక్కడే ఉంచుకున్నాడు. ఇక దాని గురించి ఎవరూ అడగకూడదు. దీనికి ఒక షరతు. మా మామగారి సంవత్సరీకానికి ఆయన ఫొటోకు ఏదో యాప్‌తో నోరు కదిలించి, అందరూ బాగున్నారా అని మాట్లాడించాడు. బతికుండగా ఆ మనిషి ఎవరినీ బాగున్నారా అని అడగలేదు. పైగా బోసినోటి మనిషికి నోటి నిండా పళ్లు. మా అత్తగారు లేచి లోపలికి వెళ్లిపోయారు. నా ఫొటోకు, నా గొంతుకు అలాంటి పని చేస్తే లామినేషన్ మిషను వెనక్కి ఇచ్చెయ్యాలి. నేను అనని మాటలు నా నోట్లో పెట్టొద్దు. అన్న మాటలకే జవాబు చెప్పుకోలేక చస్తున్నాను.

మూడు. నా పేరు మీద నమోదైన చిన్నబోర్డు ఫాంటు, అంటే కంప్యూటర్లలో, ఫోనుల్లో, పెళ్లి కార్డుల మీద, సబ్బు పెట్టెల మీద అందరూ వాడే ఆ అక్షరాల రూపం, దాని మీద సర్వహక్కులు మా అన్నయ్యకు ఇస్తున్నాను. ఎందుకిస్తున్నానో కూడా రాయాలి. లేకపోతే తమ్ముడిది ఎంత పెద్ద మనసో అనుకుంటారు జనం.

మా అన్నయ్యను వీధంతా పెద్దబోర్డు అంటారు. దుకాణాల బోర్డులు, గోడలు, లారీల వెనక రాతలు చేత్తో రాసే పని ఆయనది. నాన్న పోయేనాటికి నేను బళ్లో ఉన్నాను. అన్నయ్య నిచ్చెన ఎక్కి నన్ను చదివించాడు. ఆ పని నాకూ నేర్పాలని చూశాడు గానీ మూడో మెట్టు దాటితే నాకు కళ్లు తిరిగేవి. అందుకని కింద నిలబడి నిచ్చెన పట్టుకోవడమే నా ఉద్యోగం అయింది. తల పైకెత్తి చూసీ చూసీ ఆయన చెయ్యి నాకు కంఠతా వచ్చేసింది. సుద్ద పూసిన దారం లాగి వదిలి గీత కొట్టేవాడు. అందరూ మొదటి అక్షరంతో మొదలుపెడితే, అన్నయ్య మధ్య అక్షరం ముందు రాసి, అక్కడి నుంచి రెండు వైపులకూ రాసుకుంటూ పోయేవాడు. చోటు చాలక చివరి అక్షరం ఇరుక్కోవడం ఆయన బోర్డుల్లో చూడరు. తలకట్టు చివర కుంచెను చిన్నగా పైకెత్తి వదిలేవాడు. అది ఇంకెవరికీ పట్టుబడలేదు.

నేను ఫ్లెక్సు మిషను కొన్నాక అన్నయ్య పని సగానికి సగం పడిపోయింది. దానికి నన్ను ఏమీ అనలేదు, కాలం మారింది అని ఊరుకున్నాడు. అది వ్యాపారం. దాని గురించి ఇక్కడ ఏడవడం లేదు. తరవాత చేసినదే దొంగతనం.

అక్షరాలన్నీ గుణింతాలతో, ఒత్తులతో సహా తెల్ల షీట్ల మీద రాసిపెట్టమని అన్నయ్యను అడిగాను. ఇంట్లో దాచుకుందాం, రేపు పిల్లలకు చూపించుకోవచ్చు అన్నాను. దాచుకోవడానికి కాదని నాకు అప్పుడే తెలుసు. పని లేక కూర్చున్న మనిషికి ప్రాణం లేచొచ్చింది. వానాకాలమంతా అదే పని. ళ సరిగ్గా కుదరలేదని చింపేసి మళ్లీ మళ్లీ రాశాడు. వదిన అన్నానికి పిలిస్తే షీటు ఆరాక వస్తాననేవాడు. ఝ ఒక్కటే రాయలేదు. ఇన్నేళ్లలో ఏ బోర్డు మీదా దానితో పని పడలేదు, ఎలా ఉండాలో చేతికి తోచడం లేదు, వదిలెయ్యి అన్నాడు. ఆ షీట్లన్నీ స్కాను చేసి, కంప్యూటర్లో గీతలు సరిచేసి, నేను ఫాంటు చేశాను. ఝ మాత్రం నేను గీశాను. అది కొంచెం వికారంగా ఉంటుంది.

ఆ ఫాంటును పెద్ద కంపెనీ ఒకటి తీసుకుంది. ఒప్పందంలో ఒక గడి ఉంది, ఇవి పూర్తిగా నా సొంత సృష్టి అని ధ్రువీకరిస్తున్నాను అని. అందులో టిక్కు పెట్టాను. మా డిజైన్లు కాపీ చేస్తే చట్టపరమైన చర్య తీసుకోబడును అని నా దుకాణం గోడ మీద ఎర్రగా అచ్చువేసి అంటించాను. ఆ హెచ్చరిక కూడా అన్నయ్య అక్షరాల్లోనే ఉంది. ఇప్పుడది చూస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వదినకు కంటి ఆపరేషను చేయించడానికి వెళ్లినప్పుడు ఆస్పత్రి గోడ మీద నిశ్శబ్దం అన్న బోర్డు ముందు అన్నయ్య చాలాసేపు నిలబడిపోయాడు. కంప్యూటరు అక్షరాలని ఆయనకు తెలుసు. కానీ ఎక్కడో ఎవరో ముందు చేత్తో రాసి ఉంటాడని కూడా తెలుసు. నా వైపు తిరిగి, "ఎవడో గానీ మంచి చెయ్యి రా. మనలాంటివాడు ఇంకొకడు ఉన్నాడు" అన్నాడు. మొహం వెలిగిపోయింది. ఆ మనిషి ఎవరో కనుక్కోమని నాకే పురమాయించాడు, ఒకసారి కలిసి మాట్లాడాలట. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. కనుక్కుంటాలే అన్నాను. ఆ తరవాత కూడా ఎక్కడ ఆ అక్షరాలు కనపడినా ఫోను చేసి, మన స్నేహితుడు ఇక్కడ కూడా రాశాడు రా అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ని. ఇంతకంటే నీచమైన పని నా జీవితంలో ఇంకోటి లేదు.

మొన్న వేసవిలో మా వీధి చివర సెలూను అతను అన్నయ్యతో కొత్త బోర్డు రాయించుకున్నాడు. ముచ్చటపడి ఫొటో తీసి ఫోనులో అందరికీ పెట్టాడు. కంపెనీవాళ్ల దగ్గర ఇలాంటి ఫొటోలు వెతికే యంత్రం ఒకటి ఉందట. మా అక్షరాలు అనుమతి లేకుండా వాడారు, తీసెయ్యకపోతే కోర్టుకు లాగుతాం అని అతనికి నోటీసు వచ్చింది. పాపం సెలూను అతను హడలిపోయి, ఆ బోర్డుకు తెల్లరంగు కొట్టించాడు. హక్కుదారు ఎవరో నోటీసు అడుగున ఉంది. నా పేరు. సొంత చేతిరాతను దొంగిలించాడని మా అన్నయ్య మీద నా పేరుతో నోటీసు వచ్చిందన్నమాట.

ఆ కాగితం పట్టుకుని అన్నయ్య దుకాణానికి వచ్చాడు. తిట్టలేదు. "ఆ షీట్లు ఉన్నాయా, పారేశావా?" అని మాత్రం అడిగాడు. ఉన్నాయన్నాను. తలూపి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి కుంచె పట్టలేదు. తను రాస్తే రాయించుకున్నవాళ్లకు నోటీసు వస్తుంది కదా. కుంచెలన్నీ కడిగి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడని వదిన చెప్పింది. డెబ్భై ఏళ్ల మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటున్నాడు.

నాలుగు. మా వదినకు నా దుకాణంలోని పెద్ద తెర ఫోను. ఆపరేషను తరవాత కూడా ఆమెకు చిన్న అక్షరాలు ఆనడం లేదు. ఫోనులో ఏది వచ్చినా ఇది నొక్కవచ్చా అని నన్నే అడుగుతుంది. మోసగాళ్లు ఎక్కువయ్యారు, మన మనిషైతే నమ్మవచ్చు అంటుంది. అన్నయ్య నాతో మాట మానేశాక కూడా చాటుగా ఫోను చేసి అడుగుతోంది. వదినా, తెలియని నంబరు నుంచి వచ్చింది ఏదీ నొక్కకు. ఆ ఫోనులో అక్షరాలన్నీ అన్నయ్య రాతలో కనపడేలా పెట్టాను. నచ్చకపోతే మా అమ్మాయి మార్చి ఇస్తుంది.

అయిదు. దుకాణం, మిషన్లు, కంప్యూటర్లు మా అమ్మాయికి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా తనదే. ఇన్ని పాస్‌వర్డులు పెట్టి నువ్వేం దాచుకున్నావు నాన్నా అని నవ్వుతుంది. నిజమే, దాచాల్సింది ఒక్కటే, దానికి ఏ పాస్‌వర్డూ అక్కర్లేకపోయింది. తల్లీ, అంగీకరిస్తున్నాను అన్న గడి కనపడితే చదవకుండా నొక్కకు. చదివి, అబద్ధమని తెలిసి అసలే నొక్కకు. ఇప్పుడు కొత్తరకం మిషన్లు వచ్చాయి, లోకంలోని రాతలన్నీ బొమ్మలన్నీ మింగి, అడిగినవాళ్లకు అలాంటివే చేసి ఇస్తాయట. టీవీలో అందరూ కూర్చుని వాటిని తిడుతుంటే మీ అమ్మ కూడా తిడుతుంది. నేను తల వంచుకుని అన్నం తింటాను. ఎవరి కష్టం మింగిందో మిషనుకు తెలియదు. నాకు తెలుసు. నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నవాణ్ని.

ఆరు. ఇది ఈ రోజు చేర్చినది.

మూడో అంశం రాయించాక నాకు కొంచెం తేలిగ్గా అనిపించింది. ఆ ప్రతి తీసుకుని నిన్న అన్నయ్య ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. మధ్యలో ఒకసారి ఆగాడు, ఆస్పత్రి బోర్డు దగ్గర అనుకుంటాను. కాగితాలు మడిచి నా చేతికిచ్చి, "నా చెయ్యి నాకే రాసిస్తున్నావా? అది కూడా నువ్వు పోయాక?" అన్నాడు. వదిన లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చింది, అవి తాగకుండానే వచ్చేశాను.

దారిలో అర్థమైంది. నేను పోయాక అయితే ఎవరి మొహం చూడక్కర్లేదు, కోర్టుకు వెళ్లక్కర్లేదు, పైగా ఇచ్చినవాడిగా పేరు. పిరికితనానికి వీలునామా అని పేరు పెట్టాను. అందుకని ఇంటికి రాగానే అమ్మాయిని కూర్చోబెట్టి కంపెనీకి రాయించాను. ఆ అక్షరాలు నావి కావు, అవి మా అన్నయ్య చేతిరాత, నేను టిక్కు పెట్టింది అబద్ధం అని. వాళ్లు నా మీద దావా వెయ్యవచ్చు, దుకాణం పోవచ్చు అని వకీలుగారు హెచ్చరించారు. పోతే అయిదో అంశంలో అమ్మాయికి దక్కేది ఏమీ ఉండదు. అయినా అమ్మాయి చదివి మరీ సరే అంది. నా భార్య మాత్రం ఈ పని పదేళ్ల కిందట చెయ్యాల్సింది అంది. సెలూను అతని దగ్గరికి పొద్దున్నే వెళ్లి క్షమాపణ అడిగాను. బోర్డు ఖర్చు నాది, రాసేవారి ఇష్టం మాత్రం నా చేతిలో లేదని చెప్పాను.

కాబట్టి మూడో అంశంలో సర్వహక్కులు ఇస్తున్నాను అన్న వాక్యం రద్దు చేస్తున్నాను. నాది కానిది ఇవ్వడానికి నేనెవణ్ని? కింది కథంతా అలాగే ఉంచమన్నాను, ఎవరైనా అడిగితే రుజువుగా పనికొస్తుంది. ఇప్పుడు ఈ వీలునామా వల్ల మా అన్నయ్యకు నా నుంచి వచ్చేది ఏమీ లేదు.

వీలునామా వల్ల లాభం పొందేవారు సాక్షి సంతకం పెట్టకూడదట. అందుకని అన్నయ్యను అడిగే వీలు ఇంతవరకూ లేకపోయింది. ఆయనకు నేరుగా ఏమీ దక్కదు గనక అడ్డులేదని, ఎందుకైనా మంచిదని వదినకిచ్చే ఫోనును ఈ రోజే ఆమె చేతిలో పెట్టేసి నాలుగో అంశం కూడా కొట్టెయ్యమని వకీలుగారు అన్నారు. అలాగే చేశాను. మొదటి సాక్షి చోటు ఖాళీగా ఉంచి, కాగితాలు అమ్మాయి చేత అన్నయ్య ఇంటికి కబురుతో పంపుతున్నాను. నా సంతకం పెట్టేటప్పుడు పక్కన ఉండి చూడాలి కాబట్టి ఆయనే ఇక్కడికి రావాలి. రాకపోతే మందుల దుకాణం ఆయన సిద్ధంగా ఉన్నారు. నొచ్చుకోను.

పై ఆరు అంశాలూ, కొట్టేసినవాటితో సహా, చదివి వినిపించగా విని, సరేనని ఒప్పుకుని సంతకం చేశాను.

తేదీ: ఆగస్టు నెల, తొమ్మిదో తారీఖు, సాయంత్రం.

(సంతకం) చిన్నబోర్డు

నా ఎదుట సంతకం చేశాడని సాక్ష్యం చెప్పేవారు:

1. (సంతకం) పెద్దబోర్డు. సంతకం చేసినవాడికి అన్న. వృత్తి: బోర్డులు రాయడం.

2. (సంతకం) మేడ మీద అద్దెకుండే లెక్కల టీచరు.