పోలండ్ దిగితే మజా అట

మంగళవారం, అశోక్‌నగర్

ఇంకా కోపం చల్లారలేదు. ఈరోజు గ్రూప్స్ కోచింగ్ క్లాసులో సార్ "ఉక్రెయిన్ యుద్ధంలోకి పోలండ్ కూడా దిగుతుందా?" అని అడిగారు. వెనక బెంచీ నుంచి ఒకడు "దిగాలె సార్, గప్పుడే మజా!" అన్నాడు. క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వారు.

నేను లేచి నిలబడ్డాను. "మా ఆయన ఆ పోలండ్‌లనే లారీ నడుపుతున్నడు. మజా ఏంది?"

"పర్సనల్‌గా తీసుకోకమ్మా, పరీక్షలో రావచ్చు," అన్నారు సార్.

మనుషులు చచ్చేది వీళ్ల రెండు మార్కుల కోసమా? సంచీ తీసుకుని బయటికి వచ్చేశాను.

చిక్కడపల్లి చౌరస్తాలో నిలబడి మా ఆయనకు ఫోన్ చేశాను. "గట్లేం కాదు, పరేషాన్ కాకు," అన్నారు. మళ్లీ ఆయనే మెల్లగా చెప్పారు: "నిన్న మా గోదాముల, సైరన్ మోగితే ఏడ దాక్కోవాలో చూపించిండ్రు."